బావగారికి కుట్టిన చొక్కా

తెలివిలో మా ఇంటివాళ్ళకి ఎదురు లేదని చింతలమెరకలో ఒక మాట ఉండేది. ఆ మాట అనేది కూడా మా ఇంటివాళ్ళే. బయటివాళ్ళు ఎంతకీ అనకపోతే మరి మేమే అనుకోవాలి కదా.

"ఎవరైనా ఒక పని చెబితే చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడు. మధ్యలో సొంత పైత్యం కలిపేవాడు కాదు," అనేవాడు మా తాత కోటిలింగం, మీసం మెలేసుకుంటూ. ఆయన భార్య తాయారమ్మ అవునని తల ఊపేది. ఆయన తమ్ముడు భద్రం కూడా ఊపేవాడు. కాకపోతే భద్రం నోట్లో ముద్ద పెట్టుకుని ఊపేవాడు. ఆయనకి తిండి ధ్యాస ఎక్కువ.

ఆ ముగ్గురి తెలివి చుట్టాలందరికీ తెలుసు. కోటిలింగం బావగారు గున్నేశ్వర్రావుకి మరీ బాగా తెలుసు. మూడేళ్ళ కిందట ఆయన సంతలో గేదెని కొని, తాడు కోటిలింగం చేతికిచ్చి, "టీ తాగొస్తాను, ఏమైనా సరే ఈ తాడు మాత్రం వదలకు," అని వెళ్ళాడు. గేదె తల విదిలించి, మెడలో ముడి ఊడదీసుకుని, దాని దారిన అది పోయింది. కోటిలింగం చూస్తూనే ఉన్నాడు. బావగారు తిరిగొచ్చేసరికి రెండు చేతులా తాడు పట్టుకుని, పళ్ళు బిగించి నిలబడి ఉన్నాడు.

"గేదేదిరా?" అన్నాడు బావగారు.

"గేదె సంగతి మీరేం చెప్పలేదు బావగారూ. తాడు మటుకు వదల్లేదు," అన్నాడు కోటిలింగం.

అంతే. ఆ రోజుతో మాటల్లేవు, రాకపోకల్లేవు. మధ్యలో నలిగిపోయింది కోటిలింగం అక్క వరాలమ్మ. మూడేళ్ళుగా పుట్టింటి గడప తొక్కలేదు పాపం.

అలాంటిది ఒక ఆదివారం పొద్దున్నే ఆమె దగ్గర్నుంచి కబురొచ్చింది. "తమ్ముడూ, కొత్తిల్లు కట్టాం. గురువారం గృహప్రవేశం. పుట్టింటి బట్టలు లేకుండా గడప దాటితే నలుగురిలో నాకు తలవంపులు. మీ బావ ఒక మెట్టు దిగారు. వాడు చొక్కా పట్టుకొస్తే తొడుక్కుని గడప దాటతాను, తేకపోతే ఆ ఇంటి పేరు ఇక నా దగ్గర ఎత్తకు అన్నారు. కొన్న చొక్కాలు ఆయన తొడుక్కోరు, గుడ్డ తీసి కుట్టించు. ఈసారి కూడా చెడిందంటే ఇక నాకు పుట్టిల్లు లేదనుకుంటాను."

కోటిలింగం కళ్ళు తుడుచుకున్నాడు. అక్కంటే ఆయనకి ప్రాణం. చిన్నప్పుడు తనని చంకనేసుకుని తిప్పిన మనిషి. వెంటనే ముగ్గురూ బజారుకెళ్ళి, అక్కకి చీరా, బావగారికి తెల్లటి చొక్కా గుడ్డా తీసుకుని, దర్జీ మస్తాను కొట్టు ముందు నిలబడ్డారు.

అసలే పెళ్ళిళ్ళ రోజులు. మస్తాను చుట్టూ బట్టలు గుట్టలుగా పడున్నాయి. తలెత్తకుండానే, "పదిహేను రోజులు ఆగాలి," అన్నాడు.

"గురువారానికి కావాలి మస్తానూ."

"అంత తొందరైతే మీరే కుట్టుకోండి," అన్నాడు మస్తాను విసుగ్గా.

ఇంకేముంది, కోటిలింగం ముఖం వెలిగిపోయింది. "చూశావా తాయారూ, ఈ ముక్క మనకి తట్టలేదు. పని తెలిసినవాడి దగ్గరికొస్తే ఇదీ లాభం," అన్నాడు. తర్వాత చేతులు కట్టుకుని, "ఎలా కుట్టుకోవాలో కూడా నీ నోటితోనే చెప్పు," అన్నాడు.

మస్తాను అప్పుడు తలెత్తి చూశాడు. ముగ్గురూ బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉన్నారు. ఆయనకి జాలేసింది. మిషను తొక్కుతూనే చెప్పాడు.

"కొత్త గుడ్డ ముందు నానబెట్టి ఆరెయ్యండి. పొట్టిపడేదేదో అప్పుడే పడిపోతుంది. తొడుక్కునే మనిషి దగ్గర లేకపోతే అంత ఒళ్ళున్న ఇంకొకణ్ణి నిలబెట్టి కొలవండి. కొలిచాక ఒళ్ళు మారితే చొక్కా పనికిరాదు, ఆ తర్వాత నన్ననొద్దు. ముందు మందపాటి కాగితం మీద కత్తిరించుకోండి. ఎకాయెకిని కొత్త గుడ్డ జోలికి పోకుండా, పాత బట్టల మీద కుట్టి చెయ్యి అలవాటు చేసుకోండి. కుట్టేటప్పుడు సూది మీంచి చూపు తిప్పకండి. తొడిగి చూశాకే గుండీలు. గుండీలు మాత్రం ఊడకుండా గట్టిగా కుట్టాలి."

ఇన్ని మాటలు ఒక్కరికే గుర్తుండవని ముగ్గురూ పంచుకున్నారు. దారి పొడుగునా ఎవరి వాటా వాళ్ళు పైకి వల్లిస్తూ ఇల్లు చేరారు.

గుడ్డని గంగాళంలో వేసి నానబెట్టారు. భద్రం గట్టున కూర్చుని దానికేసి చూస్తూ అనుమానంలో పడ్డాడు.

"అన్నయ్యా, గుడ్డ పొట్టిపడింది సరే. మరి బావగారు పొట్టిపడితే?"

కోటిలింగం కాసేపు ఆలోచించాడు. "ఆయన పుట్టినప్పట్నుంచీ రోజూ స్నానం చేస్తున్నారు. పడాల్సిందేదో ఎప్పుడో పడిపోయి ఉంటుందిలే," అన్నాడు. ఆ జవాబుకి తాయారమ్మ మురిసిపోయింది. మొగుడి తెలివి చూసి ఆవిడ రోజుకి రెండుసార్లయినా మురిసిపోయేది.

ఇక కొలతలు. ఎత్తులోనూ లావులోనూ భద్రం అచ్చం బావగారిలాగే ఉంటాడు. భద్రాన్ని నడవలో నిలబెట్టి తాయారమ్మ జానతో కొలిచింది. ఛాతీ చుట్టూ అయిదు జానలు, పొడవు నాలుగు జానలు, చెయ్యి జానన్నర. కోటిలింగం బొగ్గుతో గోడ మీద రాసుకున్నాడు. రాసుకుని, మస్తాను మాట గుర్తు తెచ్చుకుని, తమ్ముడికేసి గట్టిగా చూశాడు.

"ఒరే భద్రం, నీ ఒళ్ళిప్పుడు నీది కాదు, బావగారి కొలత. అది మారిందంటే అక్క కొంప మునుగుతుంది. చొక్కా పూర్తయ్యేదాకా నువ్వు తినకూడదు."

"మంచినీళ్ళు?"

"గుడ్డే నీళ్ళకి మారిపోతోంది. మనిషి మారడా? గుక్కెడు గుక్కెడు తాగు."

భద్రానికి ఏడుపొక్కటే తక్కువ. అయినా అక్క కోసం ఒప్పుకున్నాడు. పాపం, ఆ సాయంత్రం గుత్తివంకాయ కూర పోపు వాసనకి గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

సోమవారం కాగితం పని పట్టారు. ఇంట్లో మందపాటి కాగితం అంటే గోడ క్యాలెండరొక్కటే. కోటిలింగం దాన్ని నేల మీద పరిచి, గోడ మీది లెక్క చూస్తూ, తన జానతో కొలుచుకుని కత్తిరించాడు. తాయారమ్మది ఉసిరికాయ పట్టేంత చెయ్యి. కోటిలింగం చెయ్యి చాచితే తమలపాకుల కట్ట పట్టేది. అయినా అయిదంటే అయిదే కదా అని ఆయన ధైర్యం. చేతులకి మాఘమూ ఫాల్గుణమూ సరిపోయాయి. మెడపట్టీ దగ్గర ఏకాదశి పడింది. బావగారి మెడ చుట్టూ ఏకాదశి పడటం చాలా మంచిదని తాయారమ్మ అంది. ఆ కాగితాలు పెట్టి గుడ్డ కత్తిరించేశారు.

మధ్యాహ్నం పాత బట్టలు. తాయారమ్మకి వాళ్ళమ్మ ఇచ్చిన చేతి మిషను ఒకటుంది. పన్నెండేళ్ళుగా దాని మీద ఊరగాయ జాడీ కూర్చునుంది. జాడీ దించారు. తాయారమ్మ చక్రం తిప్పింది, కోటిలింగం బట్ట తోశాడు. మిషను టకటకా నడిచేసరికి ఆయనకి ఎక్కడలేని హుషారొచ్చింది. పాత బట్ట కనబడితే చాలు, కుట్టేశాడు. చొక్కాల చేతులు మూసి కుట్టాడు. లుంగీలకి పైనా కిందా కుట్టాడు. తాయారమ్మ జాకెట్లు మెడ దగ్గర కుట్టాడు. దిండు గలీబులు దిండ్లతో సహా కుట్టాడు. సాయంత్రమయ్యేసరికి చెయ్యి బ్రహ్మాండంగా అలవాటైపోయింది. ఒంటి మీదవి తప్ప ఇంట్లో కట్టుకోవడానికి బట్టంటూ మిగల్లేదు.

"అలవాటు కోసం ఆమాత్రం తప్పదు," అన్నాడు కోటిలింగం, చెమట తుడుచుకుందామని తువ్వాలు తీసి, అది కూడా సంచిలా కుట్టేసి ఉండటం చూసి.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, నాకేం కోపం లేదు. ఆ రక్తమే నాలోనూ ఉంది. మొన్నటికి మొన్న మా కోడలు పొయ్యి మీద పాలు పెట్టి, "అత్తయ్యా, పొంగుతాయేమో కాస్త చూస్తూ ఉండండి," అని పెరట్లోకి వెళ్ళింది. నేను రెప్ప వాల్చకుండా చూశాను. పొంగాయి. గట్టంతా పారేలా పొంగాయి. అదీ చూశాను. తను వచ్చాక పొంగాయనే చెప్పాను కూడా. అయినా అలిగింది.

మంగళవారం అసలు కుట్టు మొదలైంది. సూది మీంచి చూపు తిప్పొద్దన్నారు కదా, కోటిలింగం తిప్పలేదు. ఈగ వచ్చి ముక్కు మీద వాలినా తిప్పలేదు. సూది కింద ఏముందో మటుకు చూడలేదు. అది చూడమని ఎవరూ చెప్పలేదు. పొద్దు వాలేవేళకి చివరి కుట్టు వేసి, హమ్మయ్య అని లేచి నిలబడితే చొక్కా కూడా ఆయనతో పాటే లేచింది. కట్టుకున్న పంచె అంచు చొక్కా పక్క కుట్టులోకి వెళ్ళిపోయింది. తాయారమ్మ కత్తెరతో చుట్టూ కోసి మొగుణ్ణి విడిపించింది. చొక్కాకి వేలాడుతున్న పంచె ముక్కని ఇద్దరూ కాసేపు చూశారు.

"జేబనుకుందాం," అంది తాయారమ్మ.

భద్రానికి తొడిగి చూశారు. చేతులు వేళ్ళ కిందికి జారాయి. అంచు మోకాళ్ళకి తగిలింది. భుజాలు మోచేతుల దగ్గరికొచ్చాయి. తాయారమ్మ మళ్ళీ గోడ మీది లెక్క చదివింది. ఆయన మళ్ళీ తన జానతో చొక్కా కొలిచాడు. అయిదు, నాలుగు, ఒకటిన్నర. తేడా లేదు.

"చొక్కా సరిగ్గానే ఉంది," అన్నాడు కోటిలింగం తల పట్టుకుని. "భద్రమే తగ్గిపోయాడు."

"మరి రెండ్రోజుల్నుంచీ తిండి లేదు కదండీ," అంది తాయారమ్మ.

"ఇదంతా నావల్లే వచ్చింది. ఒళ్ళు మారకూడదని చెబితే, పెరుగుతాడని భయపడ్డాను గానీ చిక్కిపోతాడని అనుకోలేదు. అక్కకి ఏ ముఖం పెట్టుకుని కనిపించను?" అన్నాడు కోటిలింగం. నిజంగానే ఏడ్చాడు.

ఇంకేముంది, పొయ్యి వెలిగించారు. బుధవారమంతా వండటమే. ఇడ్లీలు, పెసరట్లు, గారెలు, పరమాన్నం, మళ్ళీ గారెలు. భద్రం చొక్కాలో కూర్చునే తిన్నాడు. విస్తరికోసారి తాయారమ్మ వచ్చి చొక్కా పట్టుకుని లాగి చూసేది. "ఇంకా వదులే," అనేది. "అయితే వడ్డించు," అనేవాడు కోటిలింగం. మొదటి ఆరు విస్తళ్ళూ భద్రం ఆనందంగా తిన్నాడు. ఏడోది కర్తవ్యంగా తిన్నాడు. ఎనిమిదోది ఏడుస్తూ తిన్నాడు. సాయంత్రానికి పొట్ట దగ్గర కొంచెం నిండింది, మిగతాది ఎక్కడిదక్కడే ఉంది.

"టైము లేదు. పొట్ట సరిపోయింది, చాలు. గుండీలు కుట్టేద్దాం," అన్నాడు కోటిలింగం.

గుండీలు ఊడకూడదు. అదొక్కటే ఆయన మనసులో ఉంది. గుండీని కాజాలో దూర్చి, కిందా పైనా కలిపి, గోనెసంచి కుట్టే దారంతో కసిగా కుట్టాడు. ఒక్కో గుండీకి ఇరవై కుట్లు. మెడ దగ్గర దానికి ముప్ఫై. తర్వాత పట్టుకుని లాగి చూశాడు. భద్రం ముందుకొచ్చాడు గానీ గుండీ రాలేదు.

"ఇక బావగారికి గుండీలు పెట్టుకునే శ్రమ కూడా లేదు," అంది తాయారమ్మ.

"బానే ఉంది వదినా, మరి నేనెలా బయటికొస్తాను?" అన్నాడు భద్రం.

గుండీలు విప్పడానికి లేదు. కత్తెర పెడదామంటే, శుభమా అని పెట్టే కొత్త బట్టకి కత్తెరేమిటని తాయారమ్మ ఒప్పుకోలేదు. ఎంతసేపు ఆలోచించినా దారి కనబడలేదు. చివరికి కోటిలింగమే అన్నాడు. "అక్క చొక్కా తెమ్మంది. ఖాళీ చొక్కా తెమ్మనలేదు."

అంతే, గురువారం పొద్దున్నే మొదటి బస్సుకి బయలుదేరారు. కోటిలింగం చిరిగిన పంచెలోనూ, తాయారమ్మ నాలుగు రోజుల చీరలోనూ, భద్రం బావగారి చొక్కాలోనూ.

కొత్తింటి ముందు పందిరి నిండా జనం. వరాలమ్మ గుమ్మంలో నిలబడి వీధికేసే చూస్తోంది. తమ్ముణ్ణి చూడగానే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గున్నేశ్వర్రావు మటుకు పందిరి గుంజ పక్కన, కండువా కప్పుకుని, ముఖం ముడుచుకుని నిలబడ్డాడు.

పెట్టుబడి బట్టలు పళ్ళెంలో పెట్టి ఇవ్వాలి. ఆ మర్యాద మా వాళ్ళకి తెలియక కాదు. పెద్ద ఇత్తడి తాంబాళం అడిగి తీసుకున్నారు. అందులో చీర పెట్టారు, తమలపాకులు పెట్టారు, పండ్లు పెట్టారు, భద్రాన్ని కూర్చోబెట్టారు. కొత్త బట్టకి మూలల పసుపు రాయాలి గనక రెండు చేతుల అంచులకీ, ముందూ వెనకా రాశారు. తాంబాళం ఎత్తబోతే లేవలేదు. నేల మీదే తోసుకుంటూ తీసుకొచ్చి బావగారి పాదాల దగ్గర ఆపారు.

"మా తాహతు కొద్దీ తెచ్చాం బావగారూ. నా చేత్తోనే కుట్టాను. స్వీకరించండి," అన్నాడు కోటిలింగం.

గున్నేశ్వర్రావు తాంబాళంలోకి చూశాడు.

"అందులోంచి వాణ్ణి తియ్యి," అన్నాడు చివరికి.

"రాడండీ. గుండీలు ఊడవు. గట్టిగా కుట్టాం."

"నాలుగు నిమిషాలే ఉంది ముహూర్తానికి," అన్నారు పురోహితుడు గారు.

వరాలమ్మ గోడకేసి తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "పోనీలెండి. ఇక మా పుట్టింటి పేరు మీ దగ్గర ఎత్తను," అంది. ఆ మాటకి కోటిలింగం తాంబాళం పక్కనే చతికిలబడ్డాడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఒక్కటి కూడా వదల్లేదు. అయినా అక్క ఎందుకేడుస్తోందో ఆయనకి అర్థం కాలేదు. తనకి తెలియని తప్పేదో తనలోనే ఉందని జీవితంలో మొదటిసారి అనిపించింది.

గున్నేశ్వర్రావు భార్య వీపుకేసి చూశాడు. బావమరిది చేతులకేసి చూశాడు. పది వేళ్ళకీ సూది పోట్లే. ఆయన గట్టిగా ఊపిరి తీసి వదిలాడు.

"ఒరే కోటీ, ఆ చొక్కాలో ఇంకో మనిషి పడతాడా?"

కోటిలింగం అంచు పట్టుకుని లాగి చూశాడు. "పడతాడు బావగారూ. ఎందుకో కొంచెం వదులుగానే వచ్చింది."

బావగారు కండువా అవతల పెట్టి, వంగుని, చొక్కా కిందనుంచి లోపలికి దూరాడు. కాసేపు లోపల పెనుగులాట జరిగింది. తర్వాత మెడపట్టీలోంచి భద్రం చెవి పక్కన ఆయన తల బయటికొచ్చింది. చొక్కా కుడి చేతిలో ఆయన చెయ్యి, ఎడమ చేతిలో భద్రం చెయ్యి. ఆ పళంగా ఇద్దరూ గడప దగ్గరికి నడిచారు.

"కుడికాలు ముందు పెట్టండి," అన్నారు పురోహితుడు గారు.

"ఎవరిదండీ?" అన్నాడు భద్రం.

ఆ మాటకి తోడు ముందురోజు ఎనిమిది విస్తళ్ళ తిండి భద్రం పొట్టలో గుడగుడలాడింది. ఆ గుడగుడ ఆయన పొట్ట నుంచి నేరుగా బావగారి పొట్టకి తగిలింది. గున్నేశ్వర్రావు పెదవి బిగించాడు. ఆగలేదు. ముక్కులోంచి వచ్చింది నవ్వు. తర్వాత నోట్లోంచి వచ్చింది. చొక్కా మొత్తం ఊగిపోయింది. ఇద్దరూ మూడు కాళ్ళు గాల్లో ఉండగా గడప అవతల పడ్డారు. పందిరంతా నవ్వింది. వరాలమ్మ ఏడుస్తూనే నవ్వింది.

గున్నేశ్వర్రావు పడ్డచోటి నుంచే కిందికి జారి, చొక్కాలోంచి బయటికి పాక్కుంటూ వచ్చేశాడు. భద్రం నోరు తెరుచుకుని చూశాడు.

"బావగారూ, ఎలా వచ్చారు?"

"కిందనుంచి."

"కిందనుంచి కూడా రావచ్చా?"

గున్నేశ్వర్రావు జవాబు చెప్పబోయి ఆగిపోయాడు. భద్రాన్ని చూశాడు, చొక్కాని చూశాడు. "అంటే వాడూ ఇలాగే వచ్చేసేవాడు. నేను లోపలికి దూరడమెందుకురా అసలు?" అని నుదురు కొట్టుకున్నాడు. "మూడేళ్ళు మాట్లాడకుండా ఉన్నా మీ గాలి నాకు సోకనే సోకింది." అంటూ కోటిలింగాన్ని లేవదీసి కౌగిలించుకున్నాడు. "గేదె పోతే పోయింది. ఇంతకాలం మా ఆవిణ్ణి ఏడిపించాను, తప్పు నాదే. ఇవాళ్టి నుంచీ ఈ ఇల్లు నీదే అనుకో కోటీ."

కోటిలింగం అలాగేనని బుద్ధిగా తల ఊపాడు.

అంతే. మధ్యాహ్నం బంతిలో ఆయన హడావిడి చూడాలి. వచ్చినవాళ్ళకి తనే కాళ్ళకి నీళ్ళిచ్చాడు, తనే వడ్డించాడు, మంచం ఈశాన్యంలో బాగోలేదని ఇవతలికి జరిపించాడు. తమ్ముడు ఎంత బాధ్యతగా ఉన్నాడో అని వరాలమ్మ మురిసిపోయింది. పొద్దు వాలాక చుట్టాలందరూ సెలవు తీసుకున్నారు. వాళ్ళని సాగనంపడానికి వరాలమ్మా, గున్నేశ్వర్రావూ వీధిలోకొచ్చారు. తాయారమ్మ వెనకే వచ్చి వరాలమ్మకి బొట్టు పెట్టి, తమలపాకులూ రెండు అరటిపండ్లూ చేతిలో పెట్టింది. కోటిలింగం గున్నేశ్వర్రావుకి చేతులు జోడించాడు.

"శ్రమ తీసుకుని వచ్చారు. చాలా సంతోషం. చీకటి పడితే బస్సు దొరకదు, ఇక బయలుదేరండి. అప్పుడప్పుడు వస్తూ ఉండండి," అన్నాడు.

వేళాకోళమనుకుని వాళ్ళిద్దరూ నవ్వుతుండగానే లోపలికెళ్ళి తలుపు గడియ వేసేశాడు. గృహప్రవేశం నాడు కొత్తింట్లో ఇంటివాళ్ళే నిద్ర చెయ్యాలి కదా, పరాయివాళ్ళుండకూడదు.

కాసేపటికి తలుపు మీద దబదబా దెబ్బలు పడ్డాయి. తాయారమ్మ కిటికీలోంచి తొంగి చూసింది.

"ఏమండీ, వదినగారూ అన్నయ్యగారూ ఇంకా వెళ్ళలేదు."

కోటిలింగం కళ్ళు ఒత్తుకున్నాడు. "మూడేళ్ళ తర్వాత కలిశాం కదా, వెళ్ళబుద్ధి కావడం లేదేమో. ఎంతైనా అక్క," అన్నాడు. "కిటికీలోంచి ఒక చాప అందించు తాయారూ. అరుగు మీద పడుకుని పొద్దున్నే వెళ్తారు."